లోయ తరఫున ఒక వ్యాసం

అమెరికాలో న్యాయ పత్రికల్ని నడిపేది లా విద్యార్థులే. ప్రొఫెసర్ల వ్యాసాల్ని ఎంచేదీ, ఫుట్‌నోట్లు ఒక్కొక్కటీ సరిచూసేదీ వాళ్లే. పోర్ట్‌లాండ్‌లోని లూయిస్ అండ్ క్లార్క్ విద్యార్థులైతే జంతువుల చట్టాల కోసమే 'యానిమల్ లా' అనే పత్రిక పెట్టారు. తొలి సంచిక 1995లో వచ్చింది. గురువుల రాతల్ని శిష్యులు దిద్దడమేమిటని నాకు మొదట్లో నవ్వొచ్చింది. 1971 నాటి సంగతి తెలిశాక ఆ నవ్వు పోయింది.

కాలిఫోర్నియాలోని మినరల్ కింగ్ లోయలో డిస్నీ కంపెనీ మంచు ఆటల రిసార్టు కడతానంది. పర్యావరణవాదుల సంఘం సియెర్రా క్లబ్ కోర్టుకెళ్లింది. 'ఇందులో మీకు జరిగే నష్టమేమిటి?' అన్నదే చిక్కు. నష్టం లోయది. లోయ దావా వేయలేదు కదా!

ఎందుకు వేయకూడదన్నారు ప్రొఫెసర్ క్రిస్టఫర్ స్టోన్. చూడండి, మన దగ్గర గుళ్లో దేవుడి పేరునే దావాలు నడుస్తాయి. కంపెనీ కూడా చట్టం దృష్టిలో వ్యక్తే. మరి చెట్టు?

సదరన్ కాలిఫోర్నియా లా రివ్యూ ప్రత్యేక సంచికకు ముందుమాట రాయాల్సింది సుప్రీంకోర్టు జడ్జి విలియం డగ్లస్. స్టోన్ హడావిడిగా రాసిన వ్యాసం ఆ సంచికలోనే చేరింది.

1972 ఏప్రిల్‌లో సియెర్రా క్లబ్ 4–3 తేడాతో ఓడిపోయింది. కానీ డగ్లస్ తన భిన్నాభిప్రాయంలో స్టోన్ వ్యాసాన్ని ఉదహరిస్తూ, దావా లోయ పేరునే ఉండాల్సిందన్నారు. రిసార్టు రానేలేదు. 1978లో ఆ లోయను సెకోయా నేషనల్ పార్కులో కలిపారు.

తీర్పులో స్టోన్ పేరుంది, ఆ సంచిక దిద్దిన కుర్రాళ్ల పేర్లు లేవు. వాళ్ల గడువు తప్పి ఉంటే, వ్యాసం ఆ జడ్జి చేతికి అందేదా?