ఛాయాచిత్ర స్థాన సమాచారం – లేపాక్షి

డిజిటల్ ఫోటో ఫైలులో ఎగ్జిఫ్ పద్ధతిలో దాగి ఉండే అక్షాంశ రేఖాంశాలనే స్థాన సమాచారం అంటారు. అది కెమెరా నిలిచిన చోటును చెబుతుందే తప్ప, ఫోటోలోని వస్తువు ఉన్న చోటును కాదు. శ్రీ సత్యసాయి జిల్లా లేపాక్షిలో ఈ తేడాతో పాటు, చోటును బట్టి ఆ సమాచారపు కచ్చితత్వం ఎలా మారుతుందో కూడా బాగా తెలుస్తుంది. ఆరుబయట ఉన్న ఏకశిలా నంది దగ్గర ఉపగ్రహ సంకేతాలు నేరుగా అందుతాయి. అక్కడ ఫోను చూపే స్థానంలో పొరపాటు సాధారణంగా కొన్ని మీటర్లే. 16వ శతాబ్దపు వీరభద్రాలయ మండపంలో మాత్రం రాతి కప్పు ఆ సంకేతాలను అడ్డుకుంటుంది. అక్కడ ‘వేలాడే స్తంభం’ అని పిలిచే స్తంభాన్నీ, దాని పక్క స్తంభాన్నీ అక్షాంశ రేఖాంశాల అంకెలతో వేరు చేయడం అసాధ్యం. పైకప్పు చిత్రాల సంగతి సరేసరి.

అలాగైతే ఈ అంకెలెందుకని అడగవచ్చు. వేల ఫోటోల్లోంచి లేపాక్షివి ఏరడానికి అవే ఆధారం. అయితే డిగ్రీల్లో రెండో దశాంశ స్థానంలో ఒక్క అంకె మారితే అక్షాంశం సుమారు 1.1 కిలోమీటర్లు జరుగుతుంది, కాబట్టి కనీసం ఐదు స్థానాలు ఉంచాలి. మండపంలో తప్పుగా నమోదైన అంకెలను చేత్తో దిద్దితే సాక్ష్యం చెడుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే మూల ఫైలును ముట్టకుండా నకలులో దిద్ది, స్తంభం వరుస, కెమెరా చూసిన దిక్కు వివరణలో రాయాలి. ఫైలును ఇతరులకు పంపేటప్పుడూ జాగ్రత్త కావాలి: వాట్సాప్‌లో ఫోటోగా పంపితే స్థాన వివరాలు పోతాయి. డాక్యుమెంటుగా పంపితే నిలుస్తాయి.