బ్యాటరీ లేని వెలుగు

పాత స్కూటరు నడిపినవారికి గుర్తుండే ఉంటుంది: రాత్రివేళ బండి నెమ్మదిస్తే ముందు దీపం మసకబారేది, వేగం పెంచితే మళ్ళీ వెలిగేది. బ్యాటరీ లేకపోవడమే అందుకు కారణం.

1946లో ఇటలీకి చెందిన పియాజియో సంస్థ, కొరాదీనో దస్కానియో రూపొందించిన వెస్పాను విడుదల చేసింది. అందులో విద్యుత్తుకు ఆధారం ఫ్లైవీల్ మాగ్నెటో. కిక్ కొట్టగానే చక్రంలోని అయస్కాంతాలు తీగచుట్టల చుట్టూ తిరిగి విద్యుత్తు పుట్టించేవి. పాయింట్లు విడివడిన క్షణాన కాయిల్ దానిని వేల వోల్టులకు పెంచగా ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టేది. పాయింట్లు కాలిపోకుండా కండెన్సర్ కాపాడేది. దీపాలకు విద్యుత్తు వేరే చుట్టల నుంచి అందేది. బండి ఆపడమంటే జ్వలన తీగను ఇంజను లోహానికి కలపడమే!

పియాజియో లైసెన్సుతో మన దేశంలో వెస్పాలు తయారుచేసిన బజాజ్, ఆ ఒప్పందం ముగిశాక 1972లో చేతక్‌ను తెచ్చింది. మాగ్నెటో విద్య దానికీ సంక్రమించింది. బండి మొరాయిస్తే ఫ్లైవీల్ కిటికీలోంచి పాయింట్లను గరుకు కాగితంతో రుద్ది, వాటి ఎడం సరిచూస్తే చాలాసార్లు సరిపోయేది.

వెస్పా ర్యాలీ 200లో 1972లోనే ఎలక్ట్రానిక్ జ్వలనం వచ్చింది. అరిగే పాయింట్ల బెడద పోయింది. అయితే చెడితే విప్పి బాగుచేసే వీలులేని మూసిన పెట్టె వాటి స్థానంలో చేరింది. 2020లో చేతక్ పేరుతోనే మరో స్కూటరు మార్కెట్లోకి వచ్చింది. అది పూర్తిగా బ్యాటరీతోనే నడుస్తుంది.