గుర్రాల ఒత్తిడి అలవాట్లు

కొట్టంలో ఎక్కువసేపు కట్టేసిన గుర్రాలు పదేపదే చేసే నిష్ప్రయోజన చేష్టలు. తొట్టి అంచును ముందుపళ్లతో పట్టి, మెడ బిగించి, గుర్రుమంటూ గాలిని గొంతులోకి లాగడం, తల అటూఇటూ ఊపడం, కొట్టంలోనే చుట్లు తిరగడం వీటిలో ముఖ్యమైనవి.

కారణాలు: స్వేచ్ఛగా తిరిగే గుర్రం రోజుకు సుమారు 16 గంటలు మేస్తుంది. దాని పొట్టలో ఆమ్లం నిరంతరం ఊరుతూనే ఉంటుంది. అందుకే మేత తగ్గి దాణా పెరిగినా, అలాగే తోడు లేకపోయినా ఈ అలవాట్లు తలెత్తవచ్చు.

నివారణ: విజయవాడ పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మోత నడుమ నడిచే గుర్రాలకు తక్కిన వేళల్లో ఆరుబయట తిరుగాట, తోటి గుర్రం, రోజంతా అందే గడ్డి అవసరం. కొట్టడం, మెడకు పట్టీ బిగించడం ఒత్తిడిని పెంచుతాయి. పళ్లు అరిగినా, బరువు తగ్గినా, కడుపునొప్పి వచ్చినా పశువైద్యునికి చూపించాలి. విజయవాడ సమీపంలోని గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. ముదిరిన అలవాటు పూర్తిగా పోవడం అరుదు.