జర్నీమన్ ఎలక్ట్రీషియన్
అప్రెంటిస్ దశ దాటి, లైసెన్సు పొందిన విద్యుత్ కార్మికుణ్ణి అమెరికాలో జర్నీమన్ ఎలక్ట్రీషియన్ అంటారు. అక్కడ దేశమంతటా చెల్లే లైసెన్సు లేదు. ఆ అధికారం రాష్ట్రాలది, కొన్నిచోట్ల నగరాలది. టెక్సస్‌లో మాస్టర్ ఎలక్ట్రీషియన్ పర్యవేక్షణలో 8,000 గంటలు పనిచేయాలి. 7,000 గంటలయ్యాక పరీక్ష రాయవచ్చు. ఆ పరీక్షకు ఆధారం మూడేళ్లకోసారి సవరించే నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ అనే విద్యుత్ నియమావళి. దాన్ని కంఠతా పట్టడం కన్నా కావలసిన పట్టికను చప్పున వెతికి పట్టుకోవడమే అసలు నేర్పు. ఇళ్ల వైరింగ్‌లో 15 ఆంపియర్ల బ్రేకర్‌కు సాధారణంగా 14 గేజి రాగి తీగ, 20 ఆంపియర్లకు అంతకన్నా లావైన 12 గేజి తీగ వేస్తారు. సన్న తీగకు పెద్ద బ్రేకర్ పెడితే, తీగ వేడెక్కిపోతున్నా బ్రేకర్ పడకపోవచ్చు. నిప్పంటుకునే ప్రమాదం అక్కడే ఉంది. టెక్సస్‌లో ఈ లైసెన్సును ఏటా పునరుద్ధరించుకోవాలి, అందుకు 4 గంటల శిక్షణ తప్పనిసరి.