వాపా, మంటా?
నల్లగండ్లలో మా వీధి చివరి మందుల షాపులో మొన్న ఓ పెద్దాయన డబ్బాలోని తెలుగు కాగితం చూపించి, "బాబూ, మంట తగ్గిస్తుందని రాశారు, కడుపులో మంటకు వేసుకోవచ్చా?" అని అడిగారు. అది మోకాళ్ల నొప్పి బిళ్ల. ఖాళీ కడుపున వేసుకుంటే ఆ మంట ఇంకా పెరుగుతుంది. నాకు గుండె ఝల్లుమంది. లాటిన్‌లో 'ఇన్‌ఫ్లమారే' అంటే నిప్పంటించడం. అందుకే దాన్నుంచి వచ్చిన ఇన్‌ఫ్లమేషన్‌ను అనువాదకులు మంట చేసేశారు. మన మంట 'మండు' నుంచి పుట్టింది. పొయ్యిలోదీ అదే, ఓర్వలేనివాళ్ల కడుపులోదీ అదే. ఇన్‌ఫ్లమేషన్‌కు మన ఇళ్లలో ఉన్న మాట వాపు, 'వాచు' నుంచి వచ్చింది. పలకరింపు కోసం మొహం వాచిపోయామంటాం చూడండి, అదీ ఈ వాచడమే. సంస్కృత శోథం కూడా ఉబ్బడమనే అర్థమున్న 'శ్వి' ధాతువుదే. చరకసంహితలోని శ్వయథువు దాని చుట్టమే. మళ్లీ మందుల సంగతికొస్తే, ఇక్కడికి దగ్గర్లోని మియాపూర్‌లో డాక్టర్ రెడ్డీస్ శాస్త్రవేత్తలు డీఆర్‌ఎఫ్-4367 అనే వాపు మందును తయారుచేశారు. వాపుకు కారణమయ్యే కాక్స్-2 ఎంజైమును మాత్రమే ఎంచుకుని అడ్డుకుంటే వాపు తగ్గుతుంది, కడుపుకు హాని తక్కువ అన్నది ఆలోచన. వాపూ మంటా వేరని ఆ రసాయనానికి తెలుసు! అదే తరగతికి చెందిన వయాక్స్ అనే మందును గుండెపోటు ముప్పు బయటపడి 2004లో మెర్క్ కంపెనీ వెనక్కి తీసుకుంది. మియాపూర్ మందు అసలు షాపు దాకా రాలేదు, అంకె దగ్గరే ఆగిపోయింది.