నగరం ఏ తేదీన కోలుకుంది?

స్వర్ణోత్సవ సంచికకు మన ఊరి చరిత్ర మీద ఏదైనా రాయమని మిత్రులు అడిగారు. వారి మనసులో ఉన్నది బురుజుపేట కనకమహాలక్ష్మి గుడో, భీమిలిలోని డచ్చివారి సమాధులో, 1933లో ప్రారంభమైన మన ఓడరేవో అయి ఉంటుంది. వాటి మీద నాకంటే బాగా తెలిసినవారు రాసిన పుస్తకాలున్నాయి. నేను మనందరి కళ్ల ముందు జరిగిన చరిత్ర రాద్దామనుకుంటున్నాను. ఈ ఏడాది మన బడిలో ఆరో తరగతిలో చేరిన పిల్లలకు హుద్‌హుద్ అంటే అమ్మానాన్నలు చెప్పే కథ మాత్రమే. అప్పటికి వాళ్లు పుట్టలేదు, పుట్టినా ఉయ్యాల్లో ఉన్నారు. అంటే అది చరిత్ర అయిపోయినట్టే లెక్క.

ఈ బడిలోనే చదువుకుని, ఇక్కడే చాలాకాలం సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి. తేదీలంటే నాకున్న చాదస్తం నా విద్యార్థులందరికీ తెలుసు. హుద్‌హుద్ విశాఖ మీద పడిన తేదీ ఎవరిని అడిగినా చెబుతారు: 2014 అక్టోబరు 12, ఆదివారం. మరి నగరం కోలుకున్న తేదీ ఏది? ఈ ప్రశ్న నేను పదేళ్లుగా కనబడిన వాళ్లందరినీ అడుగుతున్నాను. ఏ ఇద్దరూ ఒకే తేదీ చెప్పలేదు.

ముందు ఒక నమ్మకం గురించి చెప్పాలి. తుఫాన్లు మన ఊరికి రావని మనం నమ్మేవాళ్లం. ఇటు యారాడ కొండ, అటు కైలాసగిరి, వెనక సింహాచలం కొండలు ఉండగా మనకేం భయమని పెద్దలు అనేవారు. వస్తే మచిలీపట్నం వైపు పోతుంది, లేదా ఒడిశా వైపు పోతుంది. సరిగ్గా ఏడాది ముందు, 2013లో అదే అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటడంతో ఆ నమ్మకం మరింత గట్టిపడింది. అందుకే మూడు నాలుగు రోజుల ముందునుంచీ వాతావరణ శాఖ విశాఖ పేరు చెబుతున్నా, 14న మన స్టేడియంలో జరగాల్సిన వెస్టిండీస్ వన్డే టిక్కెట్ల గురించే ఎక్కువమంది మాట్లాడుకున్నారు. ఆ మ్యాచ్ ఎలాగూ జరగలేదు.

అయితే ఆ హెచ్చరికను పట్టించుకోవాల్సిన వాళ్లు పట్టించుకున్నారు. తీరం వెంబడి పల్లెలను ఖాళీ చేయించారు. 1977 నవంబరు 19న దివిసీమలో ప్రభుత్వ లెక్కల ప్రకారమే పది వేల మంది దాకా పోయారు. హుద్‌హుద్‌లో గంటకు 180 కిలోమీటర్లు దాటిన గాలి లక్షల జనాభా ఉన్న నగరం మీదికే వచ్చినా మృతుల సంఖ్య పదుల్లో ఆగింది. క్లాసులో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చెప్పేవాణ్ణి. పోయిన ప్రతి ప్రాణమూ ప్రాణమే, కాదనను. కానీ ఈ తేడా ఊరికే వచ్చింది కాదు.

ఆ రోజు ఎలా గడిచిందో మీలో చాలామందికి నాకంటే బాగా గుర్తుంటుంది, అందుకని ఒక్క విషయమే చెబుతాను. మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. తలుపులు తీసుకుని జనం వీధిలోకి వచ్చారు. అయిపోయిందనుకున్నారు. అది తుఫాను కన్ను అని, గాలి ఈసారి ఎదురు దిక్కు నుంచి వస్తుందని నేను అరిచి చెబితే కొందరు నవ్వారు కూడా. కాసేపటికే వచ్చింది. మర్నాడు వీధిలో ఆ రెండు గాలులనూ స్పష్టంగా చదువుకోవచ్చు. పొద్దుటి గాలికి పడిన చెట్లు ఒక దిక్కుకు, మధ్యాహ్నం గాలికి పడినవి దానికి ఎదురు దిక్కుకు తలలు పెట్టి పడుకుని ఉన్నాయి. భూగోళం పాఠం నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పడం వేరు, అలా చూడటం వేరు. తుఫాన్లను కనిపెట్టే కైలాసగిరి మీది రాడార్ కూడా ఆ గాలికి పనిచేయడం మానేసింది.

సోమవారం పొద్దున్న మా వీధిలోంచి బయటికి దారి లేదు. గొడ్డలి ఉన్న ఇల్లు ఒక్కటే, కొబ్బరికాయలు దింపే ఆయనది. అంతకుముందు ఎవరూ పిలిచి కూర్చోబెట్టని మనిషి ఆ వారమంతా మా వీధికి పెద్ద. ఏ కొమ్మ ముందు నరకాలి, ఏ మొద్దు కింద కరెంటు తీగ ఇరుక్కుంది అన్నవి ఆయన చెబితే రిటైర్డ్ ఇంజనీర్లు లాగేవారు. సంపుల్లో నీళ్లున్నాయి కానీ మోటార్లు తిరగవు. అపార్ట్‌మెంట్లలో పై అంతస్తుల వాళ్ల అవస్థ చెప్పక్కర్లేదు. ఏనాడో బండలు పరిచి మూసేసిన పాత బావి ఒకటి మా వీధి చివర ఉంది. ఆ బండలు జరిపి, ఎక్కడినుంచో గిలక, చేద తెచ్చారు. తోడటం చేతనైనవాళ్లు అరవై దాటిన ఆడవాళ్లు మాత్రమే. తోడుకోవడం ఎలాగో కోడళ్లకు, మనవరాళ్లకు వాళ్లే నేర్పారు.

పాల ప్యాకెట్టు రెండింతలు మూడింతల ధరకు అమ్మినవాళ్లూ ఉన్నారు, ఉన్న పాలు పసిపిల్లల ఇళ్లకే ఇస్తానని పంతం పట్టిన కొట్టువాడూ ఉన్నాడు. ముఖ్యమంత్రి మర్నాడే వచ్చి ఇక్కడే మకాం పెట్టారు. 14న ప్రధాని వచ్చి వెయ్యి కోట్లు ప్రకటించారు. రాష్ట్రం విడిపోయి అప్పటికి నాలుగు నెలలే. రాజకీయంగా ఎవరెన్ని అన్నా, ఆ వారం ప్రభుత్వం ఫైళ్లలో కాకుండా రోడ్డు మీద కనబడిందన్నది నిజం. 17న, అంటే పైకప్పు లేచిపోయిన అయిదో రోజుకే, విమానాశ్రయంలో విమానాలు దిగాయి. నగరం కోలుకుందనే మాట అప్పుడే మొదలైంది. మా ఇంట్లో ఆ రాత్రీ కొవ్వొత్తే.

కరెంటు గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది తెచ్చినవాళ్లు మన బడిలోనే పడుకున్నారు. కూలిన స్తంభాలు లెక్కకు మించినవి. మన లైన్‌మన్లు ఎంతని చేస్తారు? ఇతర జిల్లాల నుంచి, పొరుగు రాష్ట్రాల నుంచి మనుషులు వచ్చారు. వాళ్లలో ఒక జట్టుకు మన తొమ్మిదో తరగతి గదులు ఇచ్చాం. రాయలసీమ యాస, గోదావరి యాస ఆ వరండాలో ఒకేసారి వినబడేవి. దగ్గర్లో ఉన్న పూర్వవిద్యార్థులు వంతులు వేసుకుని కట్టెల పొయ్యి మీద వండిపెట్టారు. కట్టెలకేం కరువు! పొద్దున్న చీకటితో వెళ్లి రాత్రి బురదతో వచ్చేవారు. ఆ రోజు ఏ వీధి పూర్తయిందో, ఏ ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఎన్ని స్తంభాలు మిగిలాయో వాళ్ల మేస్త్రీ నల్లబల్ల మీద సుద్దతో రాసుకునేవాడు. 21 రాత్రి మా వీధిలో దీపం వెలిగింది. వాళ్లు ఇంకో పేటకు వెళ్లిపోయారు. బడి తెరిచే ముందు గదులు కడిగినవాళ్లు ఆ బల్ల కూడా తుడిచేశారు. ఫొటో తీద్దామంటే అప్పటికి ఎవరి ఫోన్లోనూ చార్జింగు లేదు. నగరానికి వెలుగు ఎలా తిరిగి వచ్చిందో వీధి వీధికీ చెప్పే ఒక పత్రం అలా పోయింది. ఆ మనుషుల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

పోకుండా నిలిచిన పత్రాలూ ఉన్నాయి. ఆఫీసు పక్కన రికార్డు గది రేకులు ఎగిరిపోయి, బీరువాల్లోకి వాన చేరింది. తడిసినవి అడ్మిషన్ రిజిస్టర్లు, మన సంఘం పుట్టకముందువి కూడా. ఒక్కో పేజీ మధ్య పాత దినపత్రికలు పెట్టి, నీడలో ఆరబెట్టి, బరువులు పెట్టాం. బాల్‌పెన్నుతో రాసినవి నిలిచాయి. పాత సిరాతో రాసిన కొన్ని పేజీలు నీలిమరకలై పోయాయి. ఎప్పుడో చదివి వెళ్లిన మనిషి పుట్టిన తేదీకి కొన్నిసార్లు ఆ పేజీ తప్ప వేరే ఆధారం ఉండదు. టీసీ పుస్తకాల్లో మిగిలిన కౌంటర్ ఫాయిళ్లు పట్టుకుని కొన్ని పూడ్చాం. ఒక బ్యాచ్‌కు అవీ లేవు. అప్పుడు ఆ బ్యాచ్ వాళ్లే ఒక ఆదివారం వరండాలో చేరి, పదో తరగతి హాజరు పిలుపును మొదటి నంబరు నుంచి గుర్తు చేసుకుంటూ వచ్చారు. మధ్యలో తట్టకపోతే హైదరాబాదుకు ఫోను, అక్కడా తట్టకపోతే అమెరికాకు. పేరు తర్వాత పేరు, అదే వరసలో. చనిపోయినవాళ్ల నంబరు వచ్చినప్పుడు ఎవరో ఒకరు మెల్లగా 'ప్రెజెంట్ సార్' అన్నారు. చిరునామాలు రాసుకున్నాక ఆ మనుషులను వెతికి వివరాలు సరిచూశాం. ఆ పని ముగిసింది 2015 మార్చిలో. మన బడికి సంబంధించినంతవరకు తుఫాను ముగిసిన తేదీ అదేనని నేనంటాను.

ఈ మాట పెదజాలారిపేటలో ఉండే నా పాత విద్యార్థి ఒకరితో అంటే ఒప్పుకోలేదు. "మీకు కరెంటు వొచ్చీసింది, కాయితాలూ దొరికీసినాయి మాస్టారూ. మా నాన్న పడవ ఏదండి?" అన్నాడు. గాలికి పడవలు ఒకదాని మీద ఒకటి పడి పగిలాయి, వలలు చిక్కులు పడి ఇసకలో పూడిపోయాయి, ఇంజన్లు ఉప్పునీళ్లు తాగాయి. ప్రభుత్వం బియ్యం, కిరోసిను, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఇచ్చింది, అవి ఆ నెలకు ఆదుకున్నాయి కూడా. కానీ పడవ లేనివాడికి సముద్రం ఇంటిముందే ఉన్నా దూరమే. వాళ్ల నాన్న మళ్లీ సొంత పడవ దించింది సంక్రాంతి వెళ్లాక, అప్పుతో. అప్పు తీరిన తేదీ వేరు. అతని దృష్టిలో తుఫాను ముగిసింది ఆ రోజున.

ఇక చెట్లు. విమానాశ్రయానికి అయిదు రోజులు పడితే, కైలాసగిరికి ఎన్నేళ్లు? తుఫాను మర్నాడు కొండలన్నీ ఎవరో నిప్పంటించినట్టు గోధుమరంగులో ఉన్నాయి. నిలబడ్డ చెట్లకూ ఆకు లేదు. యూనివర్సిటీ ఆవరణలో, కంబాలకొండలో, బీచి రోడ్డులో నీడ అన్నది పోయింది. ఎండిన కొమ్మలు రోడ్ల పక్కన గుట్టలుగా ఉన్నాయి కనుక 23న వచ్చిన దీపావళికి టపాకాయలు కాల్చవద్దన్నారు. పిల్లలు ఏడ్చారు గానీ అది మంచి నిర్ణయం. కొద్ది వారాలకే మోడులకు అకాలంలో చిగుళ్లు వేశాయి, అది చూసి మురిసిపోయాం. తర్వాత ఎండాకాలం వచ్చింది. 2015 మేలో వడగాడ్పులు రాష్ట్రమంతా ప్రాణాలు తీస్తున్నప్పుడు, నీడ లేని బస్టాపుల్లో నిలబడ్డవాళ్లకు ఆ చెట్లు పోవడం అంటే ఏమిటో తెలిసింది.

మా వీధిలో నేను చూసినంతవరకు తురాయిలు, నిద్రగన్నేర్లు వేళ్లతో సహా లేచిపోయాయి, వేపలు కొమ్మలు విరిగినా చాలావరకు నిలబడ్డాయి. మళ్లీ నాటేటప్పుడు ఈ లెక్క చూడాల్సింది. కానీ నగరానికి త్వరగా పచ్చగా కనబడాలన్న తొందర ఎక్కువ. ఏడాకులపాల మొక్కలు వీధి వీధినా వేశారు. గబగబా పెరుగుతుంది, పశువులు ముట్టవు, గుబురుగా ఉంటుంది. ఇప్పుడు అక్టోబరు, నవంబరు సాయంత్రాల్లో అది పూస్తే ఊరంతా ఘాటు వాసన. ఉబ్బసం ఉన్నవాళ్లు కిటికీలు మూసుకుంటున్నారు, కొట్టేయమని కొందరు, చెట్టును చంపొద్దని మరికొందరు అర్జీలు పెట్టుకుంటున్నారు. తుఫాను నెల వచ్చేసరికి తుఫాను తర్వాత నాటిన చెట్లే దాన్ని గుర్తు చేయడం విచిత్రం.

నష్టం 21 వేల కోట్లకు పైనే అని అప్పట్లో రాష్ట్ర ప్రభుత్వం అంచనా కట్టింది. 2015లో ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. అందులో కొంత పెట్టి తర్వాతి ఏళ్లలో నగరంలో కొన్ని ప్రాంతాల కరెంటు తీగలను భూమిలోకి దించారు. నన్నడిగితే మొత్తం పనుల్లో మెచ్చుకోవాల్సింది ఇదే. మిగతా పేటల్లో స్తంభాలు ఇంకా గాలి కోసం ఎదురు చూస్తూనే ఉన్నాయి.

మన సంఘం కార్యాలయంలో కిటికీ పక్కన రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు ఒకటి పెట్టాను. వచ్చిన ప్రతివారూ మీ పేట, మీ ఇంట్లో తుఫాను ముగిసిన తేదీ, ఎందుకు ఆ తేదీ అన్నది మూడు వాక్యాల్లో రాయాలి. దూరాన ఉన్నవారు ఉత్తరం రాస్తే అతికిస్తాం. కొబ్బరికాయలు దింపే ఆయన రాయలేనంటే ఆయన చెబుతుండగా నేనే రాశాను. ఈ సంచిక అచ్చుకు వెళ్లేనాటికి ముప్పై ఒక్క తేదీలు చేరాయి. బాల్‌పెన్నుతోనే రాయండి.