ఊరి నడుమ బయలు

గోదావరి ధవళేశ్వరము దాటి గౌతమీ వాసిష్ఠులుగా చీలినచోట కోనసీమ మొదలగును. ఆ సీమ శిరోభాగమున ఆత్రేయపురము కలదు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన పూతరేకుల మూలమున ఆ ఊరి నెరుగని తెలుగువా రరుదు. అట్టి డెల్టా పల్లెలు ఇండ్లనడుమ బయలును ఎట్లు నిలుపుకొన్నవో నేడు కొంత ముచ్చటించుకొందము.

డెల్టాలో నేల పల్లము. వానకు, వరదకు నీరు నిలుచును. కావున ఇల్లు కట్టదలచినవాడు ముందుగా మెరక చేసికొనవలెను. మెరకకు మట్టి కావలెను. మట్టి త్రవ్వినచోట గుంట యేర్పడును. గుంటయే పెరిగి చెరువగును. ఇట్లు ఇల్లును, చెరువును ఒకే పనిలో పుట్టిన తోబుట్టువులు. చెరువుగట్టున రావిచెట్టు, దాని చుట్టు అరుగు, ఆవల పశువుల మంద నిలుచు బయలు, కుప్పలు నూర్చు కళ్లము, చేలకు పోవు పుంత - ఇవి ఏ ఒక్కరి సొత్తును కావు. అందరి అక్కరను తీర్చునవి.

1847లో కాటనుదొర ఆధ్వర్యమున మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట ఈ సీమ రూపును మార్చినది. ఆత్రేయపురమునకు చేరువనున్న లొల్ల లాకులవద్ద కాలువ చీలి కోనసీమ పల్లెలకు నీరందించును. నీరు పారగనే నేలకు వెల పెరిగినది. అటుపై రెవిన్యూ లెక్కలలో నివాసస్థలము గ్రామకంఠముగను, చెరువు, పుంత, శ్మశానము మొదలగునవి పోరంబోకుగను నమోదయినవి. ఆ మాట నేడు తిట్టుగా వినబడుచున్నది. కాని పోరంబోకు పన్నులేని నేలయే కాని, పనిలేని నేల కాదు.

బయలును ముందు నిర్ణయించి, దానిచుట్టు ఇండ్లు కట్టవలెనను భావమునకు పడమటి దేశములలో ఇరువదవ శతాబ్దియందు శాస్త్రరూపము లభించినది. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున క్లారెన్స్ స్టెయిన్, హెన్రీ రైట్ అను వాస్తుశిల్పులు 1929లో రాడ్‌బర్న్ అను నివాసమును నెలకొల్పిరి. అచ్చట ఇండ్లు ఉద్యానమువైపు చూచును. బండ్లబాట వెనుకగా పోవును. ఆర్థికమాంద్యము వచ్చి ఊరు తలచినంత పెరుగకపోయినను, ఉద్యానములు మాత్రము నిలిచినవి. కారణమేమి? నివాసులు రుసుము చెల్లించి వానిని పోషించుకొనిరి. బయలుకు ఒక యజమాని, ఒక పని ఉండెను.

మన పల్లెలలో జరిగినది వేరు. కుళాయి వచ్చి చెరువు పనిని, యంత్రము వచ్చి కళ్లము పనిని, ట్రాక్టరు వచ్చి ఎడ్లమంద పనిని తగ్గించినవి. పనిపోయిన నేల ఖాళీగా కనబడినది. ఖాళీ నేలపై పదిమంది కన్ను పడినది. పంజాబులో ఒక ఊరి చెరువును పూడ్చి ఇండ్లు కట్టుకొన్నవారి వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2011 జనవరి 28న తీర్పు చెప్పుచు, గ్రామ ఉమ్మడి భూముల నాక్రమించినవారిని తొలగించుటకు అన్ని రాష్ట్రములును పథకములు సిద్ధము చేయవలెనని ఆదేశించినది. మన 1994 నాటి పంచాయతీరాజ్ చట్టమును చూడుడు: మేతబయళ్లు, కళ్లములు, మందలు నిలుచు తావులు, బండిబాటలు, తోపులు అను పోరంబోకులు గ్రామపంచాయతీకి చెందునని అందులో పేరుపేరున కలదు. కావున యజమాని లేడనుట పొరపాటు. లేనిది పని.

క్రొత్త లేఅవుట్లలో పదియవవంతు బయలుగా విడువవలెనని ఆంధ్రప్రదేశ్ నిబంధనలు 2017లో చెప్పినవి. కాని ప్లాట్లన్నియు గీసిన పిదప మిగిలిన మూలముక్కను ఆ వంతుగా చూపినచో, అంకె నెరవేరును గాని ఆశయము నెరవేరదు. మన పూర్వులు చెరువును మిగిలినచోట త్రవ్వలేదు. చెరువు త్రవ్విన మట్టిపైననే ఇల్లు కట్టిరి.

కావున పాత చెరువును పూడ్చక, గట్టుపై నడకబాట వేసినను, పిల్లలకు ఆటస్థలము కల్పించినను, వాననీటికి త్రోవ విడిచినను, ఆ నేలకు మరల పని దొరకును. క్రొత్త వీధులు గీయువారు తొలిగీతను బయలుకొరకు గీయుదురు గాక. పల్లపు నేలలో బయలు వరదనీటికి విడిది. అది లేనినాడు ఆ నీరు మన గడపలోనికే వచ్చును.